పచ్చ జీపు ఇంకా షెడ్డులోనే ఉంది

బొర్రా గుహల దగ్గరి కటికి జలపాతానికి మా జీపుల్లో వచ్చేవారందరికీ నమస్కారం.

కార్తీక మాసం రద్దీలో పచ్చ జీపు కనబడటం లేదేమని రోజుకు ఇద్దరు ముగ్గురైనా అడుగుతున్నారు. సర్వీసింగుకు వెళ్లిందని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. అది సగం నిజం. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

దసరా తర్వాతి వారం, వాన పడుతున్న రోజు. ఆరుగురున్న ఒక కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్తుండగా, రాళ్ల ఎక్కుడు మధ్యలో జీపు 'లో' గేరు (ఎక్కుళ్లకు వేసే బలమైన గేరు) లివరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడింది. బండి వెనక్కి కదిలింది. డ్రైవరు బ్రేకు తొక్కి నిలబెట్టాడు, హెల్పరు దూకి చక్రం వెనుక రాయి పెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇద్దరు పెద్దవాళ్లు ఆ వానలో అర కిలోమీటరు కిందికి నడిచి రావలసి వచ్చింది. రెండుసార్లు బాగుచేయించినా ఆ లివరు ఇంకా జారుతుందని నాకు అంతకు నెల ముందే తెలుసు. హెల్పరు దాన్ని చేత్తో నొక్కి పట్టుకుని కూర్చునేవాడు. సీజను గడిచాక చూద్దాంలే అనుకున్నాను. అలా అనుకుని ఉండకూడదు.

అది 1992 మోడల్ మహీంద్రా ఎం.ఎం.540. దాని డీజిల్ ఇంజను ప్యూజో నమూనాది, 2112 సీసీ. చలికాలం పొద్దున్నే హీటరు ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగితే చాలు, నేటికీ నమ్మకంగా స్టార్టవుతుంది. ఇంత పాత బండిని ఏ షెడ్డుకు తీసుకెళ్లినా ముందు ఇంజనునే అనుమానిస్తారు. పాపం, దాని తప్పు ఏనాడూ లేదు.

మొదటి మెకానిక్ లివరు కింద ఉండే స్ప్రింగు, బాలు మార్చి 2,800 తీసుకున్నాడు. రెండు రోజులు బాగుంది. విశాఖలో ఇంకొకాయన, ఇంజను బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మొత్తం విప్పి బేరింగులు, ఒక గేరు మార్చాడు. బిల్లు 19,500. నాలుగు ట్రిప్పులకే మళ్లీ జారింది. నేను ఆయనతో ఫోనులో గొడవపడి, ఇవ్వాల్సిన 4,000 ఆపేశాను. ఎక్కుడు మీద వాన రోజు జరిగింది ఆ తర్వాతే. బండిని అప్పుడే షెడ్డులో పెట్టేశాను. మూడో ఆయన బండి దగ్గరకే రాలేదు. పాత గేర్‌బాక్సులు పారేసి కొత్త రకం వేయించుకోమని ఫోనులోనే తేల్చేశాడు.

'పాత జీపులకు మంచి మెకానిక్ ఎవరు?' అని అడిగితే ప్రతి ఒక్కరూ తమ బావమరిది పేరే చెబుతారు. నేనూ చాలాకాలం అలాగే అడిగాను. చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల కొట్టు ముందు నిలబడినప్పుడు వేరే ప్రశ్న తట్టింది. "పాత జీపుల క్రౌను పినియను షిములు మీ దగ్గర ఎవరు కొంటారు?" అన్నాను. ఇరుసు లోపలి చిన్న పళ్ల చక్రం పినియను, అది తిప్పే పెద్దది క్రౌను. షిములంటే కాగితమంత పల్చటి ఇనుప రింగులు. పళ్ల మధ్య సందు కొలిచి సరిచేసేవాడికి తప్ప అవి ఎవరికీ అక్కర్లేదు. కొట్టతను నవ్వి, "ఒకాయన ఉన్నాడండీ, అనకాపల్లి వైపు నుంచి రెండు నెలలకోసారి బస్సులో వస్తాడు" అన్నాడు.

చింతచెట్టు కింద రేకుల షెడ్డు, బోర్డు లేదు. జీపును ట్రాలీ మీద వేసుకుని వెళ్లాను. పెద్దాయన బండిని విప్పలేదు. ముందు టైర్ల అంచులు తడిమి చూశాడు. "తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేస్తారా బాబూ?" అన్నాడు. "వేయం" అన్నాను. ఫోర్‌వీల్ అంటే వెనుక చక్రాలతో పాటు ముందు చక్రాలకూ ఇంజను బలం అందించడం. తర్వాత వెనుక ఒక చక్రాన్ని జాకీతో లేపి, రెండోదాన్ని నేల మీదే ఉంచి, ముందూ వెనుకా రాళ్లు పెట్టాడు. లేచిన చక్రం మీదా, ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మీదా సుద్దముక్కతో ఒక్కో గీత గీశాడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, నన్ను చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పమని, తాను కింద పడుకుని షాఫ్టు చుట్లు లెక్కపెట్టాడు. అయిదు చుట్లు దాటి ఇంకా మూడో వంతుకు పైగా తిరిగింది. ముందు ఇరుసుకూ అలాగే చేశాడు. అయిదుకు కొంచెం తక్కువ.

"వెనుక హౌసింగు ఎప్పుడు మార్చారు?"

మూడేళ్ల కిందట. క్రౌను పళ్లు విరిగితే, తుక్కు కొట్టులో హౌసింగు, అంటే ఆ పళ్ల చక్రాలుండే ఇరుసు డొల్ల, మొత్తం 14,000కు దొరికిందని నేనే సంబరపడి బిగించాను. బోల్టులన్నీ చక్కగా కూర్చున్నాయి. కానీ లోపల పళ్ల లెక్క వేరు. ముందు ఇరుసులో క్రౌనుకు 39 పళ్లు, పినియనుకు 8, అంటే 39కి 8. వెనుక 43కి 8. అంటే ఫోర్‌వీల్ వేసినప్పుడు వెనుక చక్రాలు పది మీటర్లు నడిచేలోగా ముందు చక్రాలు పదకొండు నడవాలని గుంజుతాయి. బురదలో అయితే చక్రం జారి ఆ తేడా సర్దుకుపోతుంది. గట్టి రాయి మీద జారే వీలుండదు. ఆ బిగువంతా ట్రాన్స్‌ఫర్ కేసులోని గేర్ల మీద పడి, చక్రం కాస్త పట్టు వదలగానే లివరును బయటికి తన్నేస్తుంది. అక్కడ ఎన్ని స్ప్రింగులు మార్చినా ఏం లాభం!

ఆనవాళ్లు అప్పట్లోనే కనిపించాయి. హౌసింగు మార్చాక ఎక్కుళ్లలో లాగుడు పెరిగిందని మా డ్రైవరు మురిసిపోయాడు. తారు రోడ్డు మీద ఇంజను మునుపటికంటే ఎక్కువగా అరుస్తుంటే, వయసు మీద పడింది కదా అని నేను సరిపెట్టుకున్నాను. రెండూ ఒకే కారణం వల్లనే: వెనుక చక్రం ఒక్క చుట్టు తిరగడానికి షాఫ్టు మునుపటికంటే ఎక్కువ తిరగాల్సి రావడం.

విశాఖ మెకానిక్ చేసిన పని నిఖార్సయినదని కూడా పెద్దాయనే చెప్పాడు. మరుసటి రోజే వెళ్లి ఆ 4,000 ఇచ్చి వచ్చాను. ఆయన ఏమీ అనలేదు, టీ తెప్పించాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు ఆలస్యమంతా 39కి 8 క్రౌను పినియను జత కోసం. ఈ రెండూ ఫ్యాక్టరీలో కలిపి అరగదీసిన జంట, రెంటి మీదా ఒకే నంబరు చెక్కి ఉండాలి. విశాఖలో దొరికిన జతలో నంబర్లు కలవలేదు. పెద్దాయన దాన్ని చేత్తో కూడా ముట్టుకోకుండా తిప్పి పంపేశాడు. ఇడుక్కి కొండల్లో ఇలాంటి జీపులు ఇంకా చాలా తిరుగుతున్నాయి కాబట్టి కేరళలో వాకబు చేస్తే దొరికింది. సోమవారం లారీ పార్సిల్‌లో వస్తుంది. పళ్లకు రంగు పూసి, ఎక్కడ ఒరుసుకుంటున్నాయో చూసుకుంటూ షిములు సర్దడానికి రెండు మూడు రోజులు పడుతుందట. ఆ తర్వాత 500 కిలోమీటర్లు ఖాళీగా నడిపి, గేరు ఆయిలు మార్చాలి. డిసెంబరు 10 కంటే ముందు ఆ బండిలో ఎవరినీ ఎక్కించను.

అప్పటిదాకా రెండు జీపులే తిరుగుతాయి. శని, ఆదివారాల్లో పచ్చ జీపుకు బుక్ చేసుకున్నవారికి మిగతా రెండింటిలో చోటు ఉంటే సర్దుతాం, లేకపోతే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాం. అందులో కోత ఏమీ ఉండదు. మిగతా రెండు జీపుల ఇరుసులనూ ఇదే పద్ధతిలో సుద్దముక్కతో లెక్కపెట్టించాను, ముందూ వెనుకా సరిపోయాయి. జనవరి 1 నుంచి మనిషికి 50 రూపాయలు పెంచుతున్నాను. ఈ రిపేరు ఖర్చు రాబట్టడానికే అనుకున్నా తప్పులేదు, కొంతవరకు అదే.

పెద్దాయన నంబరు మాత్రం అడగకండి. చేతిలో ఉన్న బండ్లకే టైము చాలడం లేదని ఆయన గట్టిగా చెప్పాడు.

వాన రోజు నడిచి దిగిన కుటుంబానికి ఒక మాట. మీ డబ్బు అప్పుడే తిరిగి ఇచ్చాను కానీ, నెల ముందే తెలుసన్న సంగతి మీకు చెప్పలేదు. క్షమించండి. మళ్లీ ఎప్పుడు వచ్చినా మీ ఆరుగురి దగ్గరా టికెట్టు డబ్బు తీసుకోను. మీ నీలం గొడుగు సీటు కింద దొరికింది, ఆఫీసులో మేకుకు తగిలించి ఉంచాను.