చియా సాగు ఒప్పందం ఉల్లంఘనపై ఫిర్యాదు

మహబూబ్‌నగర్ జిల్లా

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: అదను కాని కాలంలో చియా విత్తించడం, దానివల్ల వచ్చిన లోపాన్ని చూపి ఒప్పంద ధర తగ్గించడం గురించి.

అయ్యా,

మా రైతు ఉత్పత్తిదారుల సంఘం కార్యదర్శిగా, మీ సంస్థ కోసం చియా గింజల పంట సాగుచేసిన మా సభ్యుల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మీ కొనుగోలు కేంద్రంలో ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, ధర తగ్గింపు పైనుంచి వచ్చిన ఆదేశమనే మాట తప్ప మరో జవాబు రాలేదు కనుక మీకే నేరుగా రాయవలసి వచ్చింది.

నిరుడు ఎండాకాలంలో మీ ప్రతినిధులు మా సంఘానికి వచ్చి, చియా వేయడానికి ముందుకొచ్చే రైతులను చూపించమని అడిగారు. ఎవరో కొత్తవాళ్లు వచ్చి ఎన్నడూ చూడని పంట వేయమంటే మా ఊళ్లలో రైతులు వేయరు. తెలిసినవాళ్లు, రేపు ఏదైనా జరిగితే ఇంటికి వెళ్లి అడగగలిగినవాళ్లు చెబితేనే ఆలోచిస్తారు. ఆ సంగతి తెలిసే మీవారు ముందుగా మా దగ్గరికి వచ్చారు. రైతు వేదికలో సమావేశం పెట్టించాం, ఊరూరా రైతులతో మాట్లాడించాం. మెక్సికో, గ్వాటెమాలాల్లో పుట్టిన ఈ పంటను ఇప్పుడు మైసూరు వైపు, మధ్యప్రదేశ్‌లో కూడా పండిస్తున్నారని, తులసి, పుదీనా కుటుంబానికి చెందిన మొక్క కావడంతో ఆకు వాసనకు కోతులు, అడవి పందులు ముట్టవని మీవారు చెప్పారు. ఈ చివరి మాట పాలమూరు రైతుకు ఎంత పెద్దదో మీకు తెలియకపోవచ్చు. పల్లి చేనుకు రాత్రింబవళ్లు కాపలా కాయలేక చెలకలను పడావు పెట్టినవాళ్లు మా ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఎకరానికి ఎంత వస్తుందన్న లెక్క కంటే, కోతుల బాధ ఉండదన్న మాటే ఎక్కువ మందిని మీ పంట వైపు తిప్పింది. ఆ మాట నిజమేనని కూడా ఇక్కడ చెప్పాలి. కోతులు చియా చేలల్లో దిగలేదు. ఈ పంట మీద మాకు ఏ వ్యతిరేకతా లేదు.

ఆ సమావేశంలోనే ఒక పెద్దాయన లేచి, ఇది వానకాలం పంటా, యాసంగి పంటా అని సూటిగా అడిగారు. ఏ కాలంలోనైనా పండుతుందని, జూన్‌లో తొలకరికే విత్తుకోవచ్చని, అక్టోబరు దాకా ఆగితే ఇవ్వడానికి తమ దగ్గర విత్తనం మిగలదని మీ ప్రతినిధి అందరి ముందూ జవాబిచ్చారు. మా మేలు కోరి అడిగిన ప్రశ్నకు ఇచ్చిన ఈ జవాబే మా నష్టమంతటికీ మూలం.

చియా పగటి నిడివిని బట్టి పూతకు వచ్చే మొక్క. పగలు సుమారు 12 గంటలకు తగ్గితే తప్ప అది పూత పట్టదు. మా జిల్లాలో జూన్ నెలలో పగలు 13 గంటలు దాటి ఉంటుంది, సెప్టెంబరు చివరికి గాని 12 గంటలకు దిగదు. కాబట్టి జూన్‌లో విత్తిన చియా మూడు నెలలకు పైగా ఆకులు, కొమ్మలు వేసుకుంటూ పైకి పెరుగుతుందే గాని పూయదు. మధ్యప్రదేశ్ రైతులు దీన్ని అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తి రబీ పంటగా తీయడానికి కారణం ఇదే. ఈ పంటనే వ్యాపారంగా పెట్టుకున్న మీ సంస్థకు ఇంత ప్రాథమిక విషయం తెలియదంటే నమ్మలేం. తెలిసీ చెప్పలేదంటే అది మరింత పెద్ద తప్పు.

మీ మాట ప్రకారం జూన్‌లో విత్తినవారి చేలు ఆగస్టు నాటికే మనిషెత్తు పెరిగాయి. చూసినవాళ్లంతా పంట బ్రహ్మాండంగా ఉందన్నారు. సెప్టెంబరు వానలకు, గాలులకు ఆ ఎత్తు నిలవలేక చేలు చాలాచోట్ల పడిపోయాయి. అక్టోబరులో పూత మొదలైనా, పడిన మొక్కల్లో ఒక కంకి ఎండుతుంటే పక్కది ఇంకా పూస్తూనే ఉండడం వల్ల గింజ ఒక్కసారిగా ముదరలేదు. కోసేటప్పటికి ముదిరిన నల్లగింజల్లో ముదరని గోధుమరంగు గింజలు కలిసిపోయాయి. తడి తగలగానే చియా గింజ చుట్టూ జిగురు పట్టి ఉండలు కడుతుంది. అందుకే కోతకు ముందు వానకు తడిసిన కంకుల్లో కొంత గింజ పూర్తిగా పాడైంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మరొకటి ఉంది. మా దగ్గర యాసంగి పల్లిని సెప్టెంబరు నుంచే విత్తుతారు. భూమి చియా కింద ఇరుక్కుపోవడంతో ఆ అదను కూడా దాటిపోయింది. అంటే మా రైతులు పోగొట్టుకున్నది చియా దిగుబడిలో కొంత భాగాన్ని మాత్రమే కాదు, రావలసిన మరో పంటను కూడా. వీరిలో కౌలు రైతులున్నారు. పంట వచ్చినా రాకపోయినా వారు భూమి యజమానికి కౌలు కట్టాల్సిందే.

మక్కలు కోసిన తరువాత అక్టోబరులో చియా విత్తుకున్న కొద్దిమంది సభ్యుల సంగతి కూడా మీ ముందుంచుతున్నాను. అదే మండలం, అవే చెలకలు, మీరిచ్చిన అదే విత్తనం. వారి చేలు నడుము ఎత్తు దాటలేదు, ఒక్కసారే పూసి ఒక్కసారే ముదిరాయి, గింజ నల్లగా, నిండుగా వచ్చింది. లోపం నేలలోనో రైతు పనితనంలోనో లేదని, మీరు చెప్పిన అదనులోనే ఉందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇన్ని జరిగాక, పంట మీ కేంద్రానికి చేరినప్పుడు జరిగింది మాకు అసలు మింగుడుపడలేదు. శుభ్రపరిచిన పంటంతా క్వింటాకు 16,000 రూపాయల చొప్పున కొంటామన్నది ఒప్పందం. మీవారు గోధుమరంగు గింజ ఎక్కువుందని చెప్పి కొందరికి 9,500 రూపాయలే కట్టారు, కొందరి బస్తాలను తూకం కూడా వేయకుండా వెనక్కి పంపారు. ఎంత శాతం గోధుమరంగు గింజ వరకు అంగీకరిస్తారన్న మాట ఒప్పందంలో ఎక్కడా లేదు. ఉన్నదంతా ఆంగ్లంలో ఉన్నందున దాన్ని జిల్లా కేంద్రంలో ఒక న్యాయవాదితో చదివించి మరీ ఈ మాట రాస్తున్నాను. మీరు చెప్పిన కాలంలో విత్తడం వల్ల పుట్టిన లోపానికి మీరే ధర కోయడం ఏ వ్యాపార నీతి కిందికీ రాదు.

పల్లి రైతుకు బాదేపల్లి మార్కెట్‌లో ధర నచ్చకపోతే వనపర్తికో గద్వాలకో తీసుకెళ్లే దారి ఉంది. చియాకు మా చుట్టుపక్కల ఏ మార్కెట్ యార్డులోనూ కొనేవారు లేరు, ప్రభుత్వ మద్దతు ధర కూడా లేదు. కొన్ని బస్తాల కోసం మధ్యప్రదేశ్‌లోని నీమచ్ మార్కెట్ దాకా సన్నకారు రైతులు వెళ్లలేరు. మీరు తప్ప కొనేవారు లేని పంటను మాతో వేయించారు కాబట్టి మామూలు వ్యాపారి కంటే మీ బాధ్యత ఎక్కువ. వెనక్కి పంపిన బస్తాలు ఇప్పుడు రైతుల ఇళ్లలో, పడుకునే గదుల్లో ఉన్నాయి. రెండు వర్షాలు పడి గాలిలో తేమ పెరిగితే ఆ గింజ కూడా మిగలదు.

విత్తనం విషయం కూడా చెప్పాలి. డబ్బు తీసుకుని ఇచ్చిన ప్యాకెట్ల మీద రకం పేరు, మొలక శాతం, లాట్ సంఖ్య లేవు. రసీదు అడిగినవారికి పంట డబ్బులో సర్దుతామని చెప్పారే తప్ప ఇవ్వలేదు. విత్తనం అమ్మేవారు రసీదు ఇవ్వాలని 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది.

ఒప్పందం మీద పంట వేసినవారు వ్యాపార భాగస్వాములే గాని వినియోగదారులు కారని మీ న్యాయ విభాగం అనవచ్చు. జాతీయ విత్తన సంస్థ కూడా ఒకప్పుడు ఇదే వాదన చేసింది. మహబూబ్‌నగర్, కర్నూలు తదితర జిల్లాల వినియోగదారుల ఫోరాల్లో మొదలైన ఆ వివాదంలో, ఒప్పందం మీద విత్తన పంట వేసిన రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 2012 జనవరి 16న తీర్పు చెప్పింది.

కాబట్టి మా కోరికలు ఇవి. వెనక్కి పంపిన బస్తాలతో సహా శుభ్రపరిచిన పంటంతా ఒప్పంద ధరకే కొనాలి, తక్కువ కట్టినవారికి తేడా సొమ్ము చెల్లించాలి. జూన్‌లో విత్తి యాసంగి పల్లి అదను పోగొట్టుకున్నవారికి ఎకరం లెక్కన పరిహారం ఇవ్వాలి. దాన్ని మీరు ఒంటరిగా నిర్ణయించకుండా, మండల వ్యవసాయ అధికారి సమక్షంలో మాతో కూర్చుని తేల్చాలి. విత్తనానికి రసీదులు ఇప్పుడైనా ఇవ్వాలి. వచ్చే ఏడు కూడా ఈ ప్రాంతంలో చియా వేయించదలిస్తే విత్తే నెల, గింజ నాణ్యత ప్రమాణం, ధర మూడింటినీ తెలుగులో స్పష్టంగా రాసిన ఒప్పందం ముందుగా రైతు చేతికి అందాలి. అది లేకుండా ఒక్క రైతును కూడా మా సంఘం మీకు చూపించదు.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో మీ నుంచి రాతపూర్వకమైన జవాబు రాకపోతే, సభ్యులందరి తరఫున జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయాలని సంఘం సర్వసభ్య సమావేశం తీర్మానించింది. తీర్మానం ప్రతిని, వెనక్కి వచ్చిన బస్తాల నుంచి రైతుల సమక్షంలో తీసి సీలు వేసిన గింజ నమూనాలను దీనితో జతచేస్తున్నాను.

ఇట్లు,
కార్యదర్శి,
రైతు ఉత్పత్తిదారుల సంఘం

ప్రతి: జిల్లా వ్యవసాయ అధికారి గారికి, మహబూబ్‌నగర్