దేవునికి, ఆ రాత్రి రక్తమిచ్చిన సహోదరునికి

క్రీస్తునందు ప్రియులైన సంఘస్థులందరికీ వందనాలు. 19 రోజుల తరువాత నిన్న సాయంత్రం మా నాన్నగారు ఆసుపత్రి నుంచి ఇంటికి చేరారు. నాకింకా నిద్ర తీరలేదు, అయినా ఈ మాటలు రేపటికి మిగల్చదలచుకోలేదు. లేవీయకాండము 7వ అధ్యాయంలో, కృతజ్ఞతార్పణగా అర్పించిన బలి మాంసాన్ని ఆ రోజే తినాలనీ, తెల్లవారేవరకు ఉంచకూడదనీ ఉంది. ఒక ఇంటివారు ఒక్కరోజులో తినలేరు కాబట్టి నలుగురినీ పిలిచి పంచుకోవలసి వచ్చేదేమో అని నాకు అనిపిస్తుంది. నా కృతజ్ఞతను అలాగే మీ మధ్యకు తెచ్చాను.

శస్త్రచికిత్స జరిగిన రాత్రి నాన్నగారికి రక్తస్రావం ఆగలేదు. రెండు యూనిట్లు ఎక్కించాక మూడోది కావాలన్నారు. దాతను తీసుకువస్తేనే ఇస్తామని రక్తనిధిలో చెప్పారు. తమ్ముడు అప్పటికే ఇచ్చాడు, నాకు హిమోగ్లోబిన్ చాలదని తిప్పి పంపారు. అర్ధరాత్రి దాటాక ఆ వరండాలో నిలబడి "ప్రభువా, ఒక్క మనిషిని పంపు" అని మాత్రమే అడగగలిగాను.

బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, "నేనిస్తానమ్మా, మీ నాన్నగారి పేరు మీద రాయించండి" అన్నారు. ఆయన వచ్చింది తన తమ్ముడికి రక్తం ఇవ్వడానికి. "వాడికి ఇక అక్కరలేదు" అన్నారు. ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. గంట క్రితమే ఆ తమ్ముడు చనిపోయాడు, కాగితాల కోసం ఆయన అక్కడే కూర్చున్నారు. రక్తమిచ్చి, కాసిన్ని నీళ్లు తాగి, నేను పేరు అడిగితే "ముందు నాన్నగారి దగ్గరికి వెళ్లండమ్మా" అని మళ్లీ అదే బల్ల మీద కూర్చున్నారు. అన్ని రోజులూ ఏడవని నేను మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

ఆయనది ఏ విశ్వాసమో నేనడగలేదు. నా ప్రార్థనకు దేవుడిచ్చిన జవాబు ఆయనే అని నమ్ముతున్నాను. అయితే "దేవుడు పంపాడు" అనే మాటతో, అంత దుఃఖంలోనూ లేచి వచ్చిన ఆ మనిషి మంచితనాన్ని తక్కువ చేయలేను. లూకా 17లో స్వస్థపడిన పదిమంది కుష్ఠరోగులలో కృతజ్ఞత చెప్పడానికి యేసు దగ్గరికి తిరిగి వచ్చిన సమరయుడికి ఎవరి పాదాల దగ్గర సాగిలపడాలో తెలుసు. దేవుని దగ్గరికి నేనూ వెళ్లగలను, ఆ పెద్దాయన దగ్గరికి ఏ దారిన వెళ్లాలో తెలియదు. మరునాడు వెతికితే ఆ బల్ల ఖాళీగా ఉంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. రక్తస్రావమవుతున్న రోగి బంధువులను అర్ధరాత్రి దాతల కోసం పరుగెత్తించడం న్యాయం కాదు. మాకైతే ఒకరు దొరికారు, ఎవరూ లేని రోగికి ఆ రక్తనిధి కిటికీ దగ్గర ఎవరు నిలబడతారు?

అమ్మకూ, తమ్ముడికీ, మావారికీ నా ప్రేమ. ఉపవాస ప్రార్థన చేసిన స్త్రీల సమాజానికీ, తెల్లవారకముందే రక్తమివ్వడానికి వచ్చిన యవనస్థులకూ, మా కాపరిగారికీ వందనాలు. తమ్ముణ్ని పోగొట్టుకున్న ఆ కుటుంబాన్ని దయచేసి మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి, వారి పేర్లు దేవునికి తెలుసు.

రాయడం మరచాను: పిల్లలను తమ ఇంట్లో ఉంచుకున్న పక్కింటి అక్కకూ, నాన్నగారి పక్క దుప్పట్లు ఎన్నిసార్లయినా విసుక్కోకుండా మార్చిన ఆయమ్మకూ, ఆ రాత్రి నన్ను మెట్ల మీది నుంచి లేపి వార్డు దాకా తీసుకువెళ్లిన కాపలాదారుగారికీ కూడా.