2024–25 వార్షిక నివేదిక: భూగర్భ డ్రైనేజీ పనులు, గోతిలో దిగే వాళ్ల భద్రత

గౌరవ సభ్యులకు కార్యవర్గం నమస్కారాలు.

ఉగాది, సంక్రాంతి వేడుకలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా పంపుతున్నాం. ఈసారి ఎక్కువ చోటు డ్రైనేజీ పనికే ఇస్తున్నాం.

2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిసిన 110 గ్రామాల్లో మనదీ ఒకటి. 2024 అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ ప్రారంభమైంది. ఇంటికి వచ్చే నీళ్లు పెరిగితే బయటికి పోయే మురుగూ పెరుగుతుంది, పాత ఇంకుడు గుంతలు దాన్ని మోయలేవు. పెద్ద లైను బెంగళూరు జలమండలిది. ఇళ్ల నుంచి అడ్డరోడ్ల చాంబర్ల దాకా పని సంఘం కాంట్రాక్టుకిచ్చింది. గోతుల్లో దిగింది ఎక్కువగా అనంతపురం, పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీలు.

కొటేషన్లు పిలిచినప్పుడు గోతి గోడలకు కట్టే ఆధారాన్ని, అంటే షోరింగ్‌ను, వేరే పద్దుగా రాయమన్నాం. మీటరు రేటులో కలిపేస్తే మొదట మాయమయ్యేది అదే. ధర తక్కువ పలికినవాళ్లు చాలాసార్లు ఆ చెక్కలూ జాకీలూ వదిలేసే తక్కువకు వస్తారు. ఈ పద్దు ఎందుకని కొందరు సభ్యులు అడిగారు. మనం చెల్లించకపోతే చెల్లించేది లోపలున్న మనిషే.

మన ఎర్రమట్టి ఎండలో నిలువుగా నిలబడి గట్టిగా కనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. తవ్విన కొన్ని గంటలకు అంచుకు సమాంతరంగా సన్నని పగుళ్లు వస్తాయి, ఒక్క వాన పడితే ఆ గోడ పలకలా జారుతుంది. పూడ్చిన చెరువు భాగాల్లో, గతంలో కేబుళ్ల కోసం తవ్వి మళ్లీ పూడ్చిన చోట్ల ఈపాటి హెచ్చరిక కూడా ఉండదు. ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నుల పైనే, తడిస్తే రెండు టన్నుల దాకా. ఛాతీ దాకా కూరుకుపోతే, తల బయటే ఉన్నా, ఊపిరి తీసుకోవడానికి ఛాతీ విప్పారదు. తాడు కట్టి లాగితే ఒళ్లు చీలుతుంది తప్ప మనిషి రాడు. చేతులతోనే మట్టి తీయాలి.

అందుకే లోతు 1.5 మీటర్లు దాటిన ప్రతి చోటా షోరింగ్ తప్పనిసరి చేశాం. అంచులను వాలుగా కోయడం ఇంకో మార్గం. కానీ 2.4 మీటర్ల లోతుకు రెండు వైపులా ఒకటికి ఒకటి వాలు (మీటరు లోతుకు పక్కకు మీటరు) ఇస్తే, అడుగున 0.9 మీటర్లతో కలిపి పైన వెడల్పు 5.7 మీటర్లు అవుతుంది. మన ఇరవై అడుగుల రోడ్డే ఆరు మీటర్లు, ఇక మట్టి ఎక్కడ పోయాలి? 50 మి.మీ. మందం పలకలు నిలువుగా, వాటిమీద అడ్డ దూలాలు, మధ్యలో స్క్రూ జాకీలు వాడాం. బిగించడం పై నుంచి కిందికి, విప్పడం పూడ్చుకుంటూ కింది నుంచి పైకి. సాయంత్రం తొందరలో అన్ని జాకీలూ ఒకేసారి లాగేయడం మేస్త్రీలకు అలవాటు, ఎక్కువ ప్రమాదం అప్పుడే.

తీసిన మట్టి, పైపులు, జేసీబీ చక్రాలు అంచు నుంచి కనీసం 1.5 మీటర్ల దూరంలో ఉంచాలి. నిచ్చెన 15 మీటర్లకొకటి, అంచుకు మీటరు పైకి. డీజిల్ పంపును దాని పొగ గాలికి గోతివైపు రాని చోట, దూరంగా పెట్టాలి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ గోతిలో చేరితే వాసన ఉండదు. కరెంటు పంపుకు 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించాం.

జేసీబీ రాకముందు అడ్డంగా చేత్తో పరీక్ష గుంతలు తవ్వించాం. హెచ్చరిక పలకలు, పసుపు టేపు కనబడితే బెస్కాం (కరెంటు సంస్థ) కేబులో గ్యాస్ లైనో ఉందనే అర్థం, అక్కడి నుంచి చేతిపనే.

పైపు పరుపుగా 100 మి.మీ. ఇసుక, పైన 300 మి.మీ. దాకా రాయి లేని మట్టి, 150 మి.మీ. పొరలుగా దిమ్మిస చేయించాం. పైపు మీద మట్టి వేయకుండా వదిలిన గోతిలో నీళ్లు చేరితే తేలికపాటి ప్లాస్టిక్ పైపు తేలుతుంది, వాలు పోతుంది, తవ్వకం మళ్లీ మొదటికి వస్తుంది.

పాత మ్యాన్‌హోల్‌కు కలిపే పని మాత్రం మన మేస్త్రీకి అప్పగించలేదు, జలమండలికి దరఖాస్తు పెట్టాం. మురుగులో పుట్టే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగున నిలుస్తుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) దగ్గర ముక్కు మొద్దుబారి కుళ్లు వాసన ఆగిపోతుంది. గాలి బాగైందనుకుంటారు. అగ్గిపుల్ల గీసి చూడటం ఇంకా ఘోరం, మీథేన్ అంటుకుంటుంది. పక్క రెండు మూతలు కూడా తెరిచి, గ్యాస్ మీటరును పైన, నడుమ, అడుగున దించాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గినా, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం చేరినా ఎవరూ దిగకూడదు. లోపల పడిపోయినవాడి కోసం దూకినవాడే రెండో శవం అవుతున్నాడు కాబట్టి ముక్కాలి స్టాండు, మనిషిని పైకి లాగే వించి, ఒంటికంతా కట్టే బెల్టు ముందే ఉండాలి.

చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ సాధనాలు లేకుండా మురుగు శుభ్రతకు మనిషిని పెట్టడం నిషేధించింది. అందులోని శిక్ష మొదటిసారి రెండేళ్ల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ. ‘ఏ వ్యక్తీ’ అన్న మాటలో కాంట్రాక్టరుతో పాటు ఇంటి యజమానీ, సంఘమూ వస్తాయి. మురుగు కాలువల్లో ప్రాణం పోతే పరిహారం రూ. 30 లక్షలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

వచ్చే ఏడాదికి మిగిలినవి చెరువు వైపు అడ్డరోడ్లు. ఇవే అన్నిటికన్నా వదులు నేల కనుక సెప్టెంబరు వానలు ముగిశాకే తవ్వకం పెట్టాలని కార్యవర్గం నిర్ణయించింది. అంతవరకు ఇంటి ముందు సొంతంగా గోతి తవ్వించదలచిన సభ్యులు లోతు, తేదీ తెలుపుతూ సంఘానికి రాయండి. పలకలు, జాకీలు సంఘం దగ్గర ఉన్నాయి, అద్దె లేదు.