డిఫరెన్షియల్ ఆయిల్‌కు చిక్కదనం ఒక్కటే కొలమానం కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ఆదివారం వాహనాల పేజీలో, సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్ కారు కొన్న ఒక పాఠకుడు డిఫరెన్షియల్‌లో (మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగగలిగేలా ఇంజన్ శక్తిని పంచే గేర్ల అమరికలో) ఏ ఆయిల్ పోయించాలని అడిగారు. మన ఎండలకు చిక్కగా ఉండే 140 నంబరు ఆయిలే మంచిదని అందుకు సమాధానం ఇచ్చారు. ఆ సలహా పాటిస్తే ఖరీదైన భాగాలు పాడయ్యే ప్రమాదం ఉంది కనుక, దాన్ని సవరించవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

గేర్ ఆయిల్ డబ్బా మీద ఉండే 90, 140 అనే అంకెలు ఆయిల్ 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతాయి. ఆ వేడిలో 90 నంబరు ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుంది. 140 నంబరుది 24 నుంచి మొదలవుతుంది. అంటే బయట 45 డిగ్రీల ఎండ కాస్తున్నా, ఆ అంకె లెక్కించిన వేడి అంతకు రెండు రెట్ల పైమాటే. అందువల్ల మన వేసవి ఒక్కటే 140కి మారడానికి తగిన కారణం కాదు. పైగా అవసరానికి మించి చిక్కగా ఉన్న ఆయిల్‌ను డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్లచక్రమైన క్రౌన్ వీల్ చిలుకుతున్నప్పుడు శక్తి వృథా అవుతుంది, ఆయిల్ ఇంకా వేడెక్కుతుంది. మరో సంగతి, గేర్ ఆయిల్ అంకెల వరుస వేరు, ఇంజన్ ఆయిల్ అంకెల వరుస వేరు. 90 నంబరు గేర్ ఆయిల్ చిక్కదనం ఇంచుమించు 40, 50 నంబర్ల ఇంజన్ ఆయిల్‌తో సమానంగానే ఉంటుంది.

చిక్కదనం కన్నా ముందు చూడవలసింది ఆయిల్ తరగతి. వెనుక చక్రాలు తిప్పే స్పోర్ట్స్ కార్లలో సాధారణంగా హైపాయిడ్ గేర్లు ఉంటాయి. వీటిలో ఇంజన్ శక్తిని తెచ్చే చిన్న పళ్లచక్రమైన పినియన్, క్రౌన్ వీల్ నడిమి గీతకు కాస్త కిందుగా అమరి ఉంటుంది కాబట్టి, పళ్లు ఒకదానిపై ఒకటి దొర్లడమే కాక బలమైన ఒత్తిడితో జారుతూ రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర పలచబడినప్పుడు పళ్లను కాపాడేవి అందులో కలిపిన గంధకం, భాస్వరం సమ్మేళనాలు. అవి ఉక్కుతో చర్య జరిపి పళ్ల మీద రక్షణ పొరను ఏర్పరుస్తాయి. జీఎల్-5 తరగతి ఆయిల్‌లో ఇవి హైపాయిడ్ గేర్లకు చాలినంత ఉంటాయి, జీఎల్-4లో అంత ఉండవు. ముందు చక్రాలు తిప్పే కార్లలో మాత్రం గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ సాధారణంగా ఒకే ఆయిల్ వాడుకుంటాయి. అక్కడ జీఎల్-5 పోస్తే కొన్నింటిలో గేర్లు సాఫీగా మారేందుకు తోడ్పడే ఇత్తడి సింక్రోనైజర్ రింగులు దెబ్బతినవచ్చు కనుక మాన్యువల్‌లో చెప్పినదే పోయాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న డిఫరెన్షియల్ ఏ రకానిదన్నది. మాజ్దా ఎంఎక్స్-5 ఇందుకు మంచి ఉదాహరణ. దాని మొదటి తరంలో 1.6 లీటర్ల ఇంజన్ కార్లకు వచ్చిన లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం పట్టు తప్పి జారినా రెండోదానికి శక్తి అందేలా చూసే డిఫరెన్షియల్) చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ రకానిది, 1994లో 1.8 లీటర్ల ఇంజన్‌తో పళ్లచక్రాలతో పనిచేసే టోర్సెన్ రకం వచ్చింది. అలాంటి ఏర్పాటు లేని మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ ఉన్న కార్లూ ఉన్నాయి. పైకి అన్నీ ఒకే కారు. కానీ టోర్సెన్ గేర్ల మధ్య ఒరిపిడి మీదే పనిచేస్తుంది కాబట్టి, ఆ ఒరిపిడిని తగ్గించేందుకు ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మోడిఫయర్ దానికి అక్కర్లేదు. మస్టాంగ్‌లో వచ్చిన ట్రాక్షన్-లాక్ వంటి క్లచ్ ప్లేట్ల రకానికి మాత్రం అది తప్పనిసరి. అది తక్కువైతే ఇరుకు మలుపుల్లో వెనుక నుంచి కటకటమని చప్పుడు, కుదుపు వస్తాయి. మోతాదు మించితే ప్లేట్లు జారి చక్రాల పట్టు సడలుతుంది. ఈ లోపాన్ని 140 నంబరు ఆయిల్ సరిచేయలేదు.

రెండు వెనుక చక్రాలనూ పైకెత్తి, గేర్‌ను న్యూట్రల్‌లో ఉంచి ఒకదాన్ని చేత్తో తిప్పితే, రెండోది అదే దిశలో తిరిగితే క్లచ్ రకమనీ, ఎదురు దిశలో తిరిగితే ఓపెన్ అనీ మెకానిక్కులు చెబుతుంటారు. కానీ టోర్సెన్ కూడా ఇంచుమించు ఓపెన్ లాగే తిరుగుతుంది. అందువల్ల ఈ పరీక్షను నమ్ముకోకుండా, డిఫరెన్షియల్ పైపెట్టె (హౌసింగ్) మీది ట్యాగ్ లేదా ఛాసిస్ నంబరు ఆధారంగా రకాన్ని తేల్చుకోవాలి.

ట్రాక్ మీద ఎడతెగకుండా నడిపే కారు సంగతి వేరు. శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగట్టుకోటై సర్క్యూట్‌లోనో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో వరుసగా ల్యాపులు తిప్పినప్పుడు ఆయిల్ మామూలు రోడ్డు మీద కన్నా చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. అప్పుడు తయారీదారు అనుమతిస్తే చలిలో పలచగా, వేడిలో 140 నంబరు చిక్కదనంతో ఉండే సింథటిక్ 75డబ్ల్యూ-140 ఆయిల్ వాడటం సమంజసమే, ఆయిల్ మార్చే గడువునూ బాగా తగ్గించుకోవాలి. నగరంలో, హైవే మీద తిరిగే కారుకు ఆ అవసరం ఉండదు.

పని చేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్త ఒకటుంది. డ్రెయిన్ ప్లగ్ కన్నా ముందు ఆయిల్ పోసే ప్లగ్ విప్పాలి. పాత ఆయిల్ దించేశాక అది బిగుసుకుపోయి రాకపోతే, ఖాళీ అయిన హౌసింగ్‌తో కారు షెడ్డులోనే ఉండిపోతుంది. కారు సమతలంగా ఉన్నప్పుడు, సాధారణంగా ఆ రంధ్రం అంచు వరకే ఆయిల్ పోయాలి.

మీరు సవరణ ప్రచురించేటప్పుడు, బిల్లు మీద కేవలం ‘గేర్ ఆయిల్’ అని కాక గ్రేడు, తరగతి, ఫ్రిక్షన్ మోడిఫయర్ కలిపారో లేదో వివరంగా రాయించుకోవాలని పాఠకులకు సూచించవలసిందిగా కోరుతున్నాను. ఆ వివరాలు లేకుంటే, తర్వాత ఆ కారు కొన్నవారికి అందులో ఏముందో తెలిసే మార్గం ఉండదు.

భవదీయుడు,
ఆటోమొబైల్ ఇంజనీరింగ్ విశ్రాంత అధ్యాపకుడు,
విజయవాడ