ఫోనులో డబ్బుల గురించి రెండు మాటలు

కొర్లగుంట వీధి గ్రూప్‌లో ఉన్న అందరికీ నమస్కారం.

జీతం, పింఛను పడే ఖాతాను యూపీఐకి కలపకండి. ఇంకో ఖాతాలో ఆ నెల పాలు, కూరగాయలు, పెట్రోలుకు సరిపడా వేసుకుని ఫోన్‌పే, గూగుల్ పేలకు దాన్నే వాడండి. ఏదైనా జరిగినా పోయేది అంతవరకే. టీ, ఆటో లాంటి చిల్లర ఖర్చులకు యూపీఐ లైట్, అంటే యాప్‌లోనే ముందుగా కొంత డబ్బు వేసుకునే చిన్న పర్సు లాంటిది, చాలు. పిన్ కొట్టే పని లేదు, పాస్‌బుక్కూ నిండిపోదు.

అసలు దొంగ ఆటోపే, అంటే ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు! ఒక్క రూపాయికే ట్రయల్ అంటే సినిమా యాప్‌లో నొక్కేస్తాం, తర్వాత నెలనెలా కోతే. యాప్ తీసేసినంత మాత్రాన ఆ కోత ఆగదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉన్నచోటికి వెళ్లి అక్కర్లేనివి రద్దు చేయాలి.

మనం తిరుపతిలో ఉంటామని బయటి ఊళ్ల చుట్టాలు తిరుమల దర్శనం టికెట్ల లింకులు పంపి ‘ఇది నిజమేనా’ అని మనల్నే అడుగుతారు కదా. 300 రూపాయల టికెట్ టీటీడీ వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో తీసుకోమనండి. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఆటోపే చూడటం రాని పెద్దవాళ్లు ఆదివారం సాయంత్రం ఫోను తీసుకుని మా ఇంటికి రండి. పిన్ మాత్రం నాకూ చెప్పొద్దు.