సారె తెచ్చిన బొమ్మ

చిట్టితల్లికి నాన్న ఆశీర్వదించి రాయునది,

నువ్వు పంపిన ఆ లండన్ సీలింగు బొమ్మ ఫోటో ఫోన్లో చూస్తే తృప్తి లేక, జగదాంబ జంక్షన్ దగ్గర పెద్ద ప్రింటు తీయించాను. ముప్పై ఏళ్ళుగా విశాఖలో సీలింగులు చేస్తున్నవాణ్ణి కదా, ముందు ఆ బొమ్మ వేసినాయన మెడ గురించే ఆలోచించాను. కాన్వాసు మీద వేసి పైన బిగించారట కదా, అదృష్టవంతుడు. మాకైతే పుట్టీ పొడి కళ్ళలోనే పడుతుంది.

1778లో స్పిరిడియోన్ రోమా అనే ఆయన లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసు కోసం, అదీ రెవెన్యూ కమిటీ గదికి వేశాడన్నావు. శిస్తు లెక్కలు చూసుకునేవాళ్ళ నెత్తి మీద! బ్రిటానియా, అంటే బ్రిటన్ దేశాన్నే ఆడమనిషిగా వేసిన రూపం, బండ మీద దర్జాగా కూర్చుంది. నల్లగా ఉన్న మన ఇండియా కింద నుంచి వంగి, ముత్యాలూ కెంపులూ ఉన్న కిరీటం అందిస్తోంది. పక్కన చైనా, పింగాణీ జాడీతో. చూస్తే కోడలు పుట్టింటి సారె తెచ్చినట్టుంది. లాక్కునే చెయ్యి ఒక్కటీ కనబడదు. పనిమంతుడే, ఎవరి డబ్బుతో వేస్తున్నాడో తెలిసినవాడు.

మీ హిస్టరీ మాస్టారు టీకి వస్తే చూపించాను. అప్పటికి మన ఊరూ కంపెనీ చేతిలోనే ఉంది, ఇక్కడి నేతగుడ్డలూ దంతం పొదిగిన పెట్టెలూ ఓడలెక్కేవన్నారు. ఈ బొమ్మ వేసిన రెండేళ్ళకే, 1780లో, మద్రాసు ఓడెక్కమంటే విశాఖ సిపాయిలు తిరగబడ్డారట. ఆ సంగతి ఏ సీలింగు మీద ఉంటుంది?

లేపాక్షిలోనూ గుడి కట్టించిన అన్నదమ్ములు, విరూపణ్ణ, వీరణ్ణ, పైకప్పుకెక్కారు. కానీ దేవుడి ముందు దండం పెడుతూ. ఆ మాత్రం మొహమాటం ఉంది.

నవ్వకు, నేనూ తక్కువ తినలేదు. ఆమధ్య ఒక ఫంక్షన్ హాలాయన మేఘాల మధ్య వాళ్ళ నాన్న మొహం వేయమన్నాడు. వేశాను. బుగ్గలు కాస్త నింపమంటే అవీ నింపాను. మూడు వేలు ఇంకా బాకీ.

ఒక్క పని చెయ్యి. వెనక మూట మోస్తున్నవాడు నీ ఫోటోలో సగమే పడ్డాడు. ఈసారి లోపలికి రానిచ్చే రోజున వెళ్తే వాడి కాళ్ళు పడేట్టు తీసి పంపు. బరువు మోసేవాడి కాళ్ళు సరిగ్గా వేశాడో లేదో చూడాలి.

మీ నాన్న