నీ గోళ్ళ సంగతి

శాన్ హోసే,
ఆదివారం రాత్రి

చిన్నీ,

నిన్న ఫోన్‌లో నీ మీద అరిచాను. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. పెళ్ళికి గుంటూరు పార్లర్‌లో యాక్రిలిక్ గోళ్ళు పెట్టించుకుంటానంటే వద్దన్నానే గానీ, ఎందుకు వద్దో సరిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, ఓపిగ్గా చదువు.

రెండేళ్ళ కిందట నా కళ్ళు వాచి ఉంటే వీడియో కాల్‌లో చూసి భయపడ్డావు, గుర్తుందా? దుమ్ము ఒంటికి పడలేదన్నాను. అది దుమ్ము కాదే. ఆన్‌లైన్‌లో గోళ్ళకు వేసుకునే జెల్ కిట్, దాన్ని గట్టిపరిచే చిన్న ల్యాంపు కొనుక్కుని ఇంట్లోనే వేసుకునేదాన్ని. జెల్ గోరు దాటి చర్మం మీదికి పాకితే పైపైన తుడిచి ల్యాంపు కింద పెట్టేసేదాన్ని. నాలుగైదుసార్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత గోళ్ళ చుట్టూ ఒకటే దురద. వేళ్ళ చివర చర్మం పగిలి పొట్టు లేచింది. గిన్నెలు తోమే సబ్బు వల్ల అనుకున్నాను. ఆ వేళ్ళతోనే కళ్ళు నులుముకుంటే రెప్పలు వాచాయి. స్కిన్ డాక్టర్ వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి రెండు రోజులు ఉంచారు. తీసి చూస్తే ఒక్క చోట ఎర్రగా పొంగింది. అక్కడ పెట్టింది హీమా అనే రసాయనం, చాలా జెల్స్‌లో ఉంటుంది. గట్టిపడకముందు అది పదే పదే చర్మానికి తగిలితే కొందరికి పడకుండా పోతుంది. ఒకసారి అలా అయితే ఇక జన్మంతా అంతేనట. పంటి డాక్టర్‌కీ, రేపెప్పుడైనా మోకాలి ఆపరేషన్ చేయాల్సొస్తే ఆ డాక్టర్‌కీ ముందే చెప్పాలి. పళ్ళలో నింపేదీ, ఎముకలకు వాడే సిమెంటూ ఇదే జాతివి. 2018లోనే బ్రిటన్ చర్మవైద్యుల సంఘం ఇంట్లో వేసుకునే కిట్ల గురించి హెచ్చరించింది. నాకది తెలిసేసరికి ఆలస్యమైపోయింది. కంగారు పడుతుందని అమ్మకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు, వచ్చాక నేనే చెబుతాను.

అప్పట్నుంచి ఏ గోరు దేనితో చేస్తారో అడిగి తెలుసుకున్నాను. ఎక్కువగా చెప్పింది మా వీధి చివర సెలూన్ నడిపే వియత్నాం ఆవిడ. ఇక్కడ ఈ పనిలో ఎక్కువమంది వాళ్ళే. 1975లో యుద్ధం అయిపోయాక శరణార్థులుగా శాక్రమెంటో దగ్గర శిబిరానికి వచ్చిన ఆడవాళ్ళు సినిమా నటి టిప్పీ హెడ్రెన్ గోళ్ళు చూసి ముచ్చటపడ్డారట. ఆవిడ తన గోళ్ళు చేసే మనిషినే రప్పించి ఓ ఇరవై మందికి పని నేర్పించింది. అలా మొదలైన బతుకుతెరువు ఇది.

నువ్వనుకునే యాక్రిలిక్ సంగతికొస్తాను. ద్రవం, పొడి కలిపిన ముద్దను బ్రష్‌తో గోరు మీద పరుస్తారు. గాలికే బిగుసుకుంటుంది. చాలా గట్టిది, నాకు భయం కూడా ఆ గట్టితనం గురించే. తలుపుకి కొట్టుకుంటే పైది విరగకుండా కింద నీ సొంత గోరు లేచిపోవచ్చు. చవకగా దొరికే ఎం.ఎం.ఎ. అనే రసాయనం వాడే రకంతో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. గోళ్ళు పాడయ్యాయని ఫిర్యాదులు వస్తే 1970ల్లోనే ఇక్కడ అమెరికాలో మందులూ సౌందర్య సాధనాలూ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఎ. దాని మీద చర్య తీసుకుంది. వాడాల్సింది ఈ.ఎం.ఎ. అనే వేరే రసాయనం. పార్లర్‌లో ఏది వాడుతున్నారో సీసా చూపించమను. చూపించకపోయినా, ముక్కు పగిలే ఘాటు వాసన వచ్చినా లేచి వచ్చెయ్. పైగా రెండు మూడు వారాలకోసారి గోరు మొదలు దగ్గర కొత్తగా పెరిగిన చోట నింపించుకోవాలి. మీ అత్తగారి ఊళ్ళో ఎవరు చేస్తారు? నువ్వే పీకేస్తే గోరు పైపొర కూడా ఊడొచ్చి కాగితంలా అయిపోతుంది.

జెల్ ఎక్స్‌టెన్షన్, అంటే జెల్‌తో గోరు పొడిగించడం, చూడ్డానికి అందంగా ఉంటుంది. చేయి తిరిగిన మనిషి చర్మానికి తగలకుండా వేస్తే పర్వాలేదు. మెత్తటి జెల్ అయితే గోళ్ళ రంగు తీసే ఎసిటోన్‌లో నాని ఊడొస్తుంది, హార్డ్ జెల్ అయితే అరగదీయాల్సిందే. గోరుకి జిగురు రాసి పొడిలో ముంచే డిప్ పౌడర్‌కి ల్యాంపు అక్కర్లేదు, దాని జిగురు మన ఫెవిక్విక్ జాతిదే. అందరి వేళ్ళూ ఒకే డబ్బాలో ముంచే చోట మాత్రం వద్దు.

ఇంకో సంగతి ఆలోచించు. నలుగు పెట్టేటప్పుడు పసుపంతా ఆ గోళ్ళకే పట్టి మరక పడుతుంది. జీలకర్ర బెల్లం పొడుగు గోళ్ళ కింద ఇరుక్కుంటుంది. పప్పన్నం చేత్తో కలుపుకోవాలి కదా. 

అందుకే నా మాట విను. ముహూర్తానికి గోరింటాకు చాలు. పెరట్లో చెట్టు ఆకే రుబ్బి, చిన్నప్పుడు అమ్మమ్మ పెట్టినట్టు వేళ్ళ చివర టోపీల్లా పెట్టించుకో. నీ చేతులకు అది ఎంత బాగా పండుతుందో నాకు తెలుసు. రిసెప్షన్ రోజుకి ప్రెస్-ఆన్ గోళ్ళు, అంటే పైన అంటించుకునే రెడీమేడ్ గోళ్ళు, పెట్టుకుందువు గాని. జిగురు వద్దు, రెండు వైపులా అంటుకునే చిన్న స్టిక్కర్ ట్యాబ్‌లతో పెడదాం. రాత్రి గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెడితే వచ్చేస్తాయి. అయినా వేళ్ళకు ఏ కాస్త దురద అనిపించినా వెంటనే తీసెయ్యాలి. గోళ్ళకు నూనె ఉంటే అంటుకోవు, స్పిరిట్‌తో తుడవాలి.

ఈ వారంలో ఒక పని చెయ్యి. ప్రతి గోరు మీదా సెల్లోటేప్ అడ్డంగా అంటించి, రెండు అంచుల దగ్గరా పెన్నుతో గీత పెట్టి, స్కేలుతో కొలిచి నాకు పంపు. రెండు చేతులూ విడివిడిగా కొలువు, ఒకలాగే ఉండవు. నీ చీర అంచు రంగుకు సరిపోయేలా రెండు సెట్లు తెస్తాను. అంచు ఫోటో పగటి వెలుగులో తీసి పంపు.

నీ అక్క